అంజమ్మ గారి మెనూ, నా చవక హోస్టింగ్

ఎనభై మంది భోజనం చెడగొట్టడానికి అగ్గీ వరదా అక్కర్లేదు. నాలాంటి అనుభవజ్ఞుడు ఒక్కడు చాలు. ఎలాగో చెబుతాను, నవ్వండి. నవ్వాక నన్ను క్షమించడానికి మాత్రం తొందరపడకండి.

నాలుగేళ్ల కిందటి మాట. హైటెక్ సిటీలో నా ఉద్యోగమే వెబ్‌సైట్లు నడిపే సర్వర్లు ఎవరి దగ్గర అద్దెకు తీసుకోవాలో తేల్చడం. ధరెంత, ఎన్నిసార్లు ఆగాయి, ఆగితే ఫోన్ ఎత్తే దిక్కుందా అని పెళ్లిసంబంధానికి వాకబు చేసినట్టు చేసి, ఎక్సెల్ షీటులో మార్కులు వేస్తాను.

కొత్తగూడలో మా వెనక వీధిలో ఉండే అంజమ్మ గారిది పాలమూరు వైపు. ఇంట్లో వండి మా ఆఫీసుకు లంచ్ బాక్సులు తెచ్చేవారు. ఒకరోజు వచ్చి, "సారూ, మీ బిల్డింగుల ఏడో అంతస్తోళ్లు రోజూ ఎనభై మందికి బువ్వ పెట్టమంటున్రు. సోమవారం ఒక్కరోజు చూస్తరంట. గానీ వెబ్‌సైటు ఉండాలంట. పదకొండు లోపట దాంట్లనే మెనూ చూసి నొక్కుతరంట," అన్నారు.

"కుదిరితే మంచిదేగా!"

"మంచిదా? ఇగ నేను బాక్సులు మోసుకుంట తిరిగేది బంద్. ఇద్దరు ఆడోళ్లను పనికి పెట్టుకుంట."

"సైటు సంగతి నాకొదిలేయండి. మీరు వంట చూసుకోండి," అన్నాను, ఉపగ్రహం ఎగరేయబోతున్నవాడిలా.

సైటు తయారు చేస్తే సరిపోదు, దానికి ఒక అద్దె ఇల్లు కావాలి. దాన్నే హోస్టింగ్ అంటారు. షీటు వేశాను. పేరున్న కంపెనీ గెలిచింది. నాకు నచ్చలేదు, ఎందుకంటే ఇంకొకటి టీ ఖర్చుకే దొరుకుతోంది. ధరకిచ్చే మార్కులు పెంచాను. అయినా చవక కంపెనీ ఓడింది. ఇంకా పెంచాను. ప్రశ్నపత్రం మార్చైనా మొద్దు మేనల్లుడిని గట్టెక్కించే మాస్టారిలా దాన్ని ఫస్టు క్లాసులో పాస్ చేయించాను.

పక్క సీటు మురళి తొంగి చూశాడు. "అన్నా, వాళ్లకి ఆఫీసు అడ్రసు కూడా లేదు."

"మనమేమైనా వాళ్లింటికి చుట్టపుచూపుగా వెళ్తున్నామా?"

"ఆగిపోతే?"

"పది లైన్ల మెనూ! అందులో ఆగడానికి ఏముందయ్యా?"

డబ్బు కట్టేశాకే అంజమ్మ గారికి చెప్పాను. కట్టేసిన సంగతి మాత్రం చెప్పలేదు.

"చవకదంటున్నవ్, మంచోళ్లేనా సారూ?"

"నేను చూసుకుంటాను కదండీ."

రెండు రోజులు ఆలోచించి, "గదే తీస్కో," అన్నారు. నా మాటకు అంత విలువ ఉందని ఛాతీ పొంగింది.

సోమవారం పదిన్నరకు ఫోన్.

"సారూ, తెర తెల్లగ వస్తుంది."

"మళ్లీ తెరవండి."

"తెరిచిన. ఇంకా తెల్లగుంది."

"మీ ఫోన్ పాతదేమో."

"మొన్ననే కొన్న. ఏడో అంతస్తు మేడమ్‌కు గూడ తెల్లగనే ఉందంట. ఆమెది గూడ పాతదేనా?"

హోస్టింగ్ కంపెనీకి మెసేజి పెట్టాను. "మీ సమస్య మాకెంతో ముఖ్యం. డెబ్బై రెండు గంటల్లో స్పందిస్తాం," అని జవాబు వచ్చింది.

"ఇంకో అరగంటలో ఆర్డర్లు మూసేస్తారండీ!"

"మీ ఓపికకు ధన్యవాదాలు."

ఆ తర్వాత వాళ్ల సైటు కూడా తెల్లబోయింది. మెనూను కాగితం మీద రాసుకుని ఏడో అంతస్తుకు మెట్లెక్కి పరిగెత్తాను. మేడమ్ గడియారం చూసుకుని, "పదకొండు దాటిందండీ. అందరూ బయట తెప్పించుకుంటున్నారు," అన్నారు.

పన్నెండుంపావుకు సైటు కళ్లు నులుముకుంటూ లేచింది. అప్పటికి, పొద్దున్నే వండేసిన ఆ ఎనభై మంది బువ్వను అంజమ్మ గారు పంచేస్తే కొత్తగూడ ఫ్లైఓవర్ కింద క్యాబ్ డ్రైవర్లు, సెక్యూరిటీ వాళ్లు మెచ్చుకుంటూ తింటున్నారు. కాంట్రాక్టు వేరేవాళ్లకు పోయింది. రోడ్డు తవ్వి కేబుల్ తెంపేశారని అందరికీ చెప్పాను. హైదరాబాదులో ఈ మాటను ఎవరూ అనుమానించరు.

మర్నాడు తల వంచుకుని అంజమ్మ గారింటికి వెళ్లాను. తిట్టలేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు.

"నీ తప్పేముంది సారూ. నువ్వు చెప్పినంక గూడ నాకు ధైర్యం చాలలే. ఫోన్ల గా కంపెనీ పేరు కొట్టి జర వెతికిన. కొత్తగూడ నుంచే ఒకాయన ఐదు చుక్కలు పెట్టి రాసిండు, 'మాది వంటల వ్యాపారం, మూడేండ్ల సంది మా సైటు ఒక్క నిమిషం ఆగలేదు' అని. వంట చేసేటోడు సాటి వంటోళ్లకు అబద్ధం ఎందుకు చెప్తడు? గది చూసే ఒప్పుకున్న."

నేను రొట్టె ముక్కను పులుసులో ఇంకోసారి ముంచాను.

"పాపం, గాయన సైటు గూడ మునిగే ఉంటది," అన్నారు, నాకు నీళ్ల గ్లాసు జరుపుతూ. "ఎవరో ఎరుకైతే చెప్పు సారూ. పోయి పలకరిస్త. నష్టపోయినోనికి జర ధైర్యం చెప్పాలె."

"కనుక్కుంటాను," అన్నాను.

కనుక్కోవడానికి అద్దం ముందు నిలబడితే సరిపోయేది. ఐదు చుక్కలతో నాలుగు మంచిమాటలు రాస్తే మూడు నెలలు ఉచితం అన్నారు ఆ చవక కంపెనీవాళ్లు. డబ్బు కట్టిన ఐదో నిమిషంలో, సైటు పుట్టకముందే, ఆ ముక్కలు రాసింది నేనే. నిజంలా ఉంటుందని మూడేళ్లు కూడా నేనే తగిలించాను.

అందుచేత కీబోర్డు మీద చెయ్యేసి, మురళి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తినని వంట రుచి చెప్పను. ఉండని ఇంట్లో గాలీ వెలుతురూ బాగున్నాయనను. ఆకాశంలోవి తప్ప మరే చుక్కల జోలికీ పోను.

అంజమ్మ గారూ, మీరు చూడాలనుకున్న ఆ మనిషి ఇప్పటికీ మీ వెనక వీధిలోనే ఉన్నాడు. వచ్చి పలకరించండి. ధైర్యం మాత్రం చెప్పకండి.