బొట్టమ్మ గనిలోకి దిగిన రోజు

రేడియో ఉన్న ఇంటికంటే కప్పలున్న ఇంటికి ఎక్కువ గౌరవం దక్కిన కాలం ఒకటి మా కేజీఎఫ్‌లో, బంగారు గని కూలీల ఇళ్ల వరసలైన మైనింగు లైన్లలో ఉండేది. ఆ గౌరవం తెచ్చిపెట్టింది పదకొండేళ్ల నేనే కాబట్టి, ఈ చెప్పడంలో కాస్త గొప్పలు కనబడితే మన్నించాలి. గనులు దొరల చేతుల్లోంచి సర్కారు చేతుల్లోకి వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. (మా అవ్వ మాత్రం టోపీ పెట్టుకున్న ప్రతివాణ్ణీ ఇంకా దొర అనే అనేది.) లైన్లో మాది చివరి ఇల్లు. స్నానాల నీళ్లన్నీ పెరట్లోని చేమ మడిలోకి పారేవి. ఆ తడిలో, నీళ్ల డ్రమ్ము కింద, రుబ్బురోలు వెనక, ఆఖరికి నాయన గంబూట్ల లోపల కూడా కప్పలు కాపురం పెట్టాయి. అమ్మ చీపురు పట్టుకుని తరిమేది. అవి మర్యాదగా గడప దాటి, ఆమె అటు తిరగగానే ఇటు వచ్చేసేవి.

నాయన భూమి లోపల కొయ్య దుంగలు నిలబెట్టి, పైరాయి కూలకుండా కాసే పని చేసేవాడు. లోతున ఒత్తిడికి రాయి పేలడాన్ని మావాళ్లు ఎయిర్‌బ్లాస్ట్ అనేవారు. అది లోపల జరిగితే పైన మా ఇళ్లు కదిలేవి, గూట్లో గిన్నెలు గలగలమనేవి, ఆడవాళ్లు చేతిలో పని చేతిలోనే వదిలేసి గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవారు. ఒక సాయంత్రం నేను ఎక్కాలు రాసుకుంటుంటే పెరట్లో కప్పలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. "అవ్వా, కప్పలు నిలిపేసినాయి" అన్నాను. రెండు నిమిషాలు కాలేదు, గోడ మీది దేవుడి పటం ఊగింది. (ఎవరికీ ఏమీ కాలేదు లెండి.) అంతే, అవ్వ లైనంతా చాటేసింది: "మా పాపకి కప్పల బాస తెలుస్తాదమ్మా!"

మర్నాటి నుంచి షిఫ్టుకు పోయేవాళ్ల ఆడవాళ్లు తెల్లవారగానే మా వాకిట్లో ఆగేవారు. "ఏం పాపా, ఈ పొద్దు కప్పలు అరిసినాయా?" "అరిసినాయక్కా, బాగా అరిసినాయి." "అయితే ఇంగ పొమ్మంటాలే." నడుం మీద చెయ్యి పెట్టుకుని నేను అనుమతి ఇస్తేనే గని నడుస్తోందన్నంత ధీమాగా ఉండేదాన్ని. తర్వాత చాలాసార్లు కప్పలు ఊరుకున్నా గిన్నె కదల్లేదు, గిన్నెలు దొర్లిపడినా కప్పలు ఊరుకోలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నేను అసలే పట్టించుకోలేదు.

ఆ వానాకాలంలోనే నాయనను మేస్త్రిని చేసే మాట వచ్చింది. మేస్త్రి అంటే పదిమంది గుంపుకు పెద్ద. అందుకు ఒక వారం కొత్త చోట, మీసాల క్యాప్టెన్ కళ్ల ముందు పని చేసి చూపించాలి. లోపలి పనికి పై అధికారి ఆయన, మీసాలు చూసి మావాళ్లు పెట్టిన పేరది. ఇంట్లో అందరూ సంబరపడుతుంటే, వంటింట్లో అమ్మ అవ్వతో అన్న మాట నా చెవిన పడింది: "ఆ చోటు మంచిది కాదంట అత్తా. రాయి ఊరికే ఉండేది లేదంట."  కప్పలు పైన కూర్చుని నోరు మూసుకుంటే లోపలున్న నాయనకు ఎలా తెలుస్తుంది? హెచ్చరించే కప్ప హెచ్చరిక కావలసిన చోటే ఉండాలి కదా! ఇంత తెలివైన ఆలోచన గని మొత్తంలో ఎవరికీ రాలేదే అని నాకు ఆశ్చర్యం కూడా వేసింది.

మా పెరటి కప్పల్లో గొంతు పెద్దది బొట్టమ్మ. దానికి రోజూ నేనే కుంకుమ బొట్టు పెట్టేదాన్ని. (అరిచేది మగకప్పేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి పసుపు కుంకుమలన్నీ అయిపోయాయి.) ఆ వారం మొదటి రోజు పొద్దున్నే నాయన టిఫిన్ క్యారియర్‌లోని పై గిన్నెలోంచి అవ్వ చేసిన ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, తీసి గూట్లో దాచి, తడిగుడ్డ పరిచి బొట్టమ్మను కూర్చోబెట్టి, సొట్టపోయిన మూతను సందు ఉండేలా పెట్టాను. కింది గిన్నెలో రాగిముద్ద అలాగే ఉంది. నాయన క్యారియర్ అందుకుని వెళ్లిపోయాడు.

లోపల జరిగింది నాయన తర్వాత వందసార్లు చెప్పగా విన్నదే. తిండి వేళకు క్యాప్టెన్ పక్కనే కూర్చున్నాడట. నాయన మర్యాదకు పై గిన్నె ముందుకు జరిపి, "మాయమ్మ చేసిన ఊరిబిండి సార్, రవ్వంత రుచి చూడండి" అన్నాడట. ఆయన మూత తీశాడు. తల మీది లైటు వెలుతుర్లో బొట్టు పెట్టుకున్న మొహం ఒకటి ఆయన్ని నిదానంగా చూసి, ఆయన భుజం మీదికి ఎగిరి, అక్కణ్ణుంచి దుంగల వెనక్కి మాయమైంది.

"ఎన్నయ్యా ఇదు? మీ ఊర్లో ఊరిబిండి ఎగురుతాదా?" అన్నాడు క్యాప్టెన్, అరవం కలిపి.

"అది మా పాప కప్ప సార్! బొట్టు చూసినారా!" అన్నాడట నాయన, దగ్గరి చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

గుంపంతా పడి పడి నవ్వింది. షిఫ్టు అయ్యాక మనుషుల్ని పైకి తెచ్చే కేజి వచ్చింది. నాయన ఎక్కలేదు. లైటు పట్టుకుని దుంగల మధ్య మోకాళ్ల మీద పాకుతున్నాడు. "ఒక కప్పకోసరం కేజి విడిచిపెడతావా?" అని క్యాప్టెన్ కోప్పడ్డాడు. "నా డబ్బాలో వచ్చింది సార్, నాతోనే పైకి రావాల. లేకుంటే ఇంటికాడ పాపకి ఏమని చెప్పేది?"

ఇక్కడ ఇంట్లో అవ్వ గూట్లో ఊరిబిండి చూసి నన్ను నిలదీసింది. నేను గడప దాటి లైను మొదటికి పరుగెత్తాను. షిఫ్టు దిగినవాళ్లు గుంపులుగా ఇళ్లకు వచ్చారు, నాయన రాలేదు. రెండో గుంపూ వచ్చింది. పక్కింటి అక్క అలవాటుగా అడిగింది: "పాపా, ఈ పొద్దు కప్పలు అరిసినాయా?" ఆ మాటతో నా ధీమా అంతా కరిగిపోయింది. మంచి కప్పను తీసి పంపినదాన్ని నేనే, ఇంక ఎవరు అరిస్తే ఏం, ఎవరు ఊరుకుంటే ఏం? లైను మొదట నిలబడి భోరున ఏడ్చాను. నాకు కప్పల బాస ఒక్క ముక్క కూడా రాదని అప్పుడే, మొదటిసారి, నాకు నేను ఒప్పుకున్నాను.

మూడో గుంపులో అందరికంటే వెనక నాయన వచ్చాడు. మోకాళ్ల నిండా మట్టి, చేతిలో క్యారియర్. తిడతాడనుకున్నాను. డబ్బా నా చేతిలో పెట్టి, "ఇదో, నీ మనిషి. లెక్క సరిపోయిందా చూసుకో" అన్నాడు. బొట్టు చెరిగిపోయిన బొట్టమ్మ గుడ్లు తిప్పింది.

"ఎయిర్‌బ్లాస్ట్ వచ్చేదానికి ముందే నీకు చెప్తాదని పంపినా నాయనా" అన్నాను వెక్కుతూ.

 నాయన నన్ను ఎత్తుకుని ఇంటిదాకా నడిచాడు. పదకొండేళ్ల పిల్లను ఎత్తుకోవడమేమిటని లైనంతా నవ్వినా దించలేదు.

వారం ముగిసిన రోజు క్యాప్టెన్ అందరి ముందు అన్నాడట: "కప్పని లోపల విడిచిపెట్టి రానివాడు మనిషిని విడిచిపెట్టి వస్తాడా? ఇతనే మేస్త్రి." అప్పట్నుంచి నాయన చివరి రోజు దాకా లైన్లో కప్ప మేస్త్రి. పేరుకు తగ్గట్టే, తన గుంపులో అందరూ ఎక్కాకే కేజి ఎక్కేవాడు.

ఇప్పుడు గనులు లేవు, గూట్లో గిన్నెలు కదలవు, నాయనా లేడు. బంగారుపేటలో మా ఇంటి నీళ్ల తొట్టి వెనక కప్పలు మాత్రం ఉన్నాయి. వాన వెలిసిన సాయంత్రం అవి పిల్లిని చూసో స్కూటరు చప్పుడుకో ఠక్కున ఆగుతాయి.  ఇంత వయసొచ్చినా లేచి, ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తాను. "అందరం ఉండామవ్వా, నీ లెక్క సరిపోయింది!" అని లోపల్నుంచి మనవరాలు నవ్వుతుంది. సరిపోయిందనే ఒప్పుకుని నేనూ నవ్వేస్తాను గానీ, తొట్టి వెనక మళ్లీ మొదటి కప్ప గొంతు విప్పేదాకా వీధి తలుపు మాత్రం మూయను. మా ఇంట్లో ఎప్పుడూ చివర వచ్చే మనిషి ఒకరుండేవారు కదా.