చేరకుండానే డిశ్చార్జి అయిన మా అవ్వ

మా అవ్వ బిల్లు గురించి దవాఖానకు ఏడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఎనిమిదోది పట్టుకుని జనగామ వెళ్తే, ఆ ప్రైవేటు దవాఖాన కౌంటర్ దగ్గరి మనిషి నన్ను చూడగానే ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు. అది మోగనే లేదు. నాకు బాగా గుర్తుంది.

అంతకు ముందు నెలలో మా అవ్వకు కళ్లు తిరిగితే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి అక్కడికే ఆటోలో తీసుకెళ్లాను. సాయంత్రం నాలుగింటికి మంచం ఇచ్చి సెలైన్ పెట్టారు. మరునాడు మధ్యాహ్నానికి ఆమె లేచి కూర్చుంది.

"కొడుకా, మూడింటికి అమాస వస్తది. అంతల ఇల్లు జేరాలె. అమాసల దవాఖాన నుంచి ఇంటికి పోతరా ఎవలన్న?"

డాక్టరు నవ్వి, "పో అవ్వా, అంతా మంచిగనే ఉన్నది" అన్నాడు. నర్సు గడియారం చూసి గబగబా సూది తీసేసింది. వాళ్ల అత్తకూ అదే పట్టింపట. ఒంటిగంటకల్లా బయటపడ్డాం. గంటలు లెక్కపెట్టుకోవాలని ఒక్కరూ చెప్పలేదు.

బీమావాళ్లు లెక్కపెట్టారు. ఇరవై నాలుగు గంటలు నిండలేదు కాబట్టి ఆమె దవాఖానలో చేరనట్టే, ఊరికే అబ్జర్వేషన్‌లో ఉన్నట్టేనని తేల్చి, ఖర్చుల డబ్బు ఇవ్వలేదు. దవాఖాన బిల్లులో మాత్రం మంచానికి పూర్తి రోజు, డాక్టరు డిశ్చార్జి చేసినందుకు వేరే ఫీజు.

"చేర్చుకోని మనిషిని ఎట్ల డిశ్చార్జి చేసిండ్రు?" అని కౌంటర్‌లో అడిగాను.

"కంప్యూటర్ల అట్లనే ఉన్నదన్నా."

"మరి అబ్జర్వేషన్ అంటే ఏంది?"

"పేషెంటును చూసుకుంట ఉంటం, గంతే."

"చూస్తే పైసలా? నేను గూడ గంట సేపటి నుంచి నిన్ను చూస్తున్న. నాకెంత ఇస్తవ్?"

నా వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు.

"మేనేజర్ సార్ వచ్చినంక రా అన్నా."

ఆ సారు ఇప్పటికీ రాలేదు.

మొన్న అవ్వకు మళ్లీ కళ్లు తిరిగాయి. ఆటో పిలిపిస్తే ఎక్కలేదు. గడప పట్టుకుని కూర్చుంది.

"నా అమాస పట్టింపుతోనే గద గిదంత అయింది. తప్పెవలిదో తేలేదాక నేను దవాఖానకు రాను, పో."

నా మొండితనం ఎవరి నుంచి వచ్చిందో ఊళ్లో అందరికీ తెలుసు.

అందుకే దవాఖానవాళ్లకు రాస్తున్న ఈ తొమ్మిదో ఉత్తరంలో డబ్బు సంగతి అడగడం లేదు. ఆ రోజు మా అవ్వ మీ దవాఖానలో ఉన్నట్టా, లేనట్టా? ఎవరో ఒకరు ఆ ఒక్క మాట రాసి, కింద సంతకం పెట్టి పంపండి. అది చదివి వినిపించి ఆమెను ఆటో ఎక్కించాలి.