పరుశురాం మామ అరచేతి కాంటా

సూరత్ నగరాన్ని ఎత్తి అరచేతిలో పెడితే, వానకు ముందెంత, తడిశాక ఎంత అన్నది పరుశురాం గ్రాములతో సహా చెప్పేస్తాడు. ఎత్తిపెట్టేవాడు దొరక్క సంగతి ఇంతవరకు రుజువు కాలేదు గాని, లింబాయత్ మరమగ్గాల వాళ్లెవరికీ అందులో అనుమానం లేదు.

మగ్గాల కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా నూలు దింపించుకునే మనిషి. ఏది చేతికొచ్చినా కళ్లు మూసి, రెండుసార్లు ఎగరేసి, బరువు చెప్పనిదే కింద పెట్టడు. ఓసారి పార్సిల్ తెచ్చినవాణ్ణి గుమ్మంలోంచే తిప్పి పంపాడు: "ఇండ్ల ఒకటే చెప్పుంది. రెండోది తీస్కరా." విప్పి చూస్తే ఒకటే ఉంది. చెల్లెలు కనకవ్వ వడ్డించే జొన్నరొట్టెకూ అదే మర్యాద.

"నూట నాలుగు గ్రాములు. మొన్నటిది నూటపది."

"అన్నా, తింటవా, తూకమేస్తవా?"

"తూకమేస్కుంటనే తింట. నువ్వు పిండికాడ చెయ్యి గుంజుతున్నవ్."

కనకవ్వ కొడుకు పరమేశ్‌కు మాత్రం మామ చెయ్యి అంటే దేవుడి కాంటా. డిప్లొమా మధ్యలో వదిలేసి గ్యారేజీలో చేరిన పరమేశ్, ఓ పాత కారును డ్రాగ్ పందేలకు తయారు చేశాడు. నాలుగు వందల మీటర్ల తిన్నని దారి, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయే పందెం. పోయినసారి అతనికి పద్నాలుగు సెకన్ల మీద రెప్పపాటు ఎక్కువైంది. పద్నాలుగులోపు వస్తేనే పై తరగతిలో చోటు. ఈ ఆదివారం పందెం దాటితే మళ్లీ వానాకాలం పోయాకే.

అప్పట్నుంచి పరమేశ్‌కు కూర్చుంటే నిలబడాలని, నిలబడితే ఉరకాలని. వెనక సీటు పీకేశాడు. స్టెప్నీ తీసేశాడు. డాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి కూడా దించబోతే కనకవ్వ చీపురు తీసింది. ఇక మిగిలినవి చక్రాలు.

"తిరిగే బరువు మామా! చక్రంల కిలో తగ్గితే కారుల పది కిలోలు తగ్గినట్టే!" అని ఒకటికి నాలుగు కలిపి, మామను ఆల్థాన్‌లో ఓ రిమ్ముల దుకాణానికి లాక్కుపోయాడు.

అతని కారుకు సరిపడేవి రెండే సెట్లున్నాయి. ఒకటి నలుపు, స్పోకులు సాలెగూడంత సన్నం. ఇంకొకటి తెలుపు, కాస్త మందం. దుకాణం సేఠ్ నల్లదాన్ని కొడుకును నిమిరినట్టు నిమిరాడు. "ఫూల్ జైసా హల్కా హై భాయ్!" పువ్వంత తేలికట.

దుకాణంలో కాంటా లేదు. మామ ఉండగా కాంటా దేనికి?

పరుశురాం నల్ల రిమ్ము ఎగరేశాడు. వెనక్కి తిప్పి చూశాడు. వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించాడు. మళ్లీ ఎగరేశాడు. తెల్లదానికీ అంతే తతంగం. పరమేశ్ కాళ్లు నిప్పుల మీద ఉన్నట్టు ఆడుతున్నాయి.

"జల్ది చెప్పు మామా!"

"నల్లది ఆరు కిలోల తొమ్మిదొందలు. తెల్లది ఐదు కిలోల ఏడొందల యాభై."

సేఠ్ లబోదిబోమన్నాడు. పరమేశ్ రెండింటినీ ఎత్తి చూశాడు. తన చేతికి నల్లదే తేలిగ్గా తోచింది. మామ చెప్పాక తన చేతి మాట ఎవడిక్కావాలి? ఆ చేతినే నాలుగు తిట్టి, తెల్లవి కొని కార్లో వేసుకున్నాడు. నల్లవాటిని మర్నాడే, పోయినసారి తనను ఓడించిన రవీంద్ర కొనుక్కుపోయాడు.

శనివారం టైర్లు ఎక్కించుకోడానికి రవీంద్ర వచ్చింది కూడా పరమేశ్ గ్యారేజీకే.

"మాది నెమలీక. నీది రుబ్బురోలు," అని పరమేశ్ మొదలుపెట్టాడు.

"నోరెందుకు? కాంటా తెప్పియ్."

పక్క గోదాములోంచి నూలు తూచే కాంటా వచ్చింది. ఇంకా టైరు తొడగని తెల్లది ఎక్కించారు: ఆరు కిలోల తొమ్మిదొందలు. నల్లది: ఐదు కిలోల ఏడొందల యాభై.

గ్యారేజీ గొల్లుమంది. "కాక చెయ్యి ఖరాబైంది! సర్వీసింగ్‌కు ఇయ్యాలె!" అన్నాడు రవీంద్ర. పరుశురాం తన అరచేయి చూసుకుని, "వయసైంది తియ్," అన్నాడు.

"నాలుగింటికి నాలుగున్నర కిలోలు! ముంచితివి గద మామా!" పరమేశ్ జుట్టు పీక్కున్నాడు. మార్చుకునే వ్యవధి లేదు.

పందెం ఇచ్ఛాపూర్ అవతల, ఒక ఫ్యాక్టరీ వాళ్ల సొంత సిమెంటు దారి మీద. కార్లు తనిఖీ చేసే హారతి తిన్నగా రవీంద్ర కారు దగ్గరికే వెళ్లి, చక్రాలు విప్పించి, టార్చి వేసింది. "ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె ఎక్కడండీ? పైగా ఈ స్పోకు మొదట్లో పగులు. ఇవి షోకు చక్రాలు. వీటితో గీత దగ్గరికి రానివ్వను." రవీంద్ర పాత చక్రాల కోసం ఫోన్లు చేయసాగాడు.

వరసలో ఉన్న పరమేశ్‌కు అప్పుడు వెలిగింది. మామ చెప్పిన అంకెలు గ్రాము తేడా లేకుండా సరే, రంగులే తారుమారు. పాడైన చెయ్యి అంత కచ్చితంగా తప్పుతుందా? కారు దిగి ఒక్క ఉరుకు ఉరికాడు.

"మామా! పగులు నీకెరికేనా?"

"నూలు చుట్టే మగ్గం బీముకు రెండు దిక్కుల అల్యూమినియం పళ్లేలుంటయ్ గద. పగిలిన పళ్లెం కొడితే ఖంగుమనదు, బొంగురుగ మోగుతది. ముప్పై ఏండ్లసంది కొడుతున్న."

"మరి గా మాట చెప్పరాదు?"

"చెప్తే వెల్డింగ్ పెట్టిస్త అంటవు. బరువు ముచ్చట తప్ప నీ చెవుల ఏదన్న దూరుతదా? సేఠ్‌కు చెప్పిన, ఇనలే. రవీంద్రకు చెప్పిన, చెయ్యి ఖరాబైనోని మాటేంది అన్నడు. పొద్దుగాల హారతమ్మకు చెప్పిన. ఆమె ఇన్నది."

పరమేశ్ ఆ బరువు చక్రాలతోనే కారును దూకించాడు. పదమూడు సెకన్ల తొంభై ఆరు.

చాయ్ బండి దగ్గరికి చేరేసరికి వెంట్రుకంత పగులు పరమేశ్ నోట జానెడైంది, రెండో గ్లాసుకు మూరెడైంది. "మా మామ చేతిల నా ప్రాణం బరువు వంద కిలోలు! దానికోసం ముప్పై ఏండ్ల పేరు ఇసిరికొట్టిండు!" అని పరమేశ్ బల్లెక్కి అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టి పరుశురాం వైపు చూశారు.

"వంద కాదు. పుట్టిన్నాడు రెండు కిలోల నూటపది. ఇయ్యాల డెబ్బై ఎనిమిదిన్నర. గా పొట్టల అయిదు కిలోలు తగ్గించు, చక్రాల జోలికి పోకు."