అమ్మమ్మ చెయ్యి తగిలిన తలుపులు

నా చిన్నప్పుడు ఒక వేసవిలో మా వంటింటి అలమరాలకి రంగు వెయ్యడం మొదలుపెడితే అది ఎంతకీ అవ్వలేదు. వేసిన రంగు గీకడం, గీకినచోట మళ్ళీ వెయ్యడం, ఆరేలోగా ఏదో ఒకటి జరగడం. సెలవులన్నాళ్ళూ మాకు అన్నం కూడా పెయింటు వాసనే వేసింది. ఆ పని పెట్టింది మా అమ్మమ్మ. ఆవిడ మీద నాకు అప్పుడు ఎంత కోపం వచ్చేదో చెప్పలేను.

మాది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. సరస్సులో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేసిన ఏడు అది. సరస్సు సరస్సులాగే ఉండాలన్నది న్యాయమేనని ఇప్పుడు నాకూ తెలుసు, ఎవర్నీ తప్పుపట్టను. కానీ పిల్ల దగ్గర్నుంచి పెంచిన చేప కళ్ళెదుటే నీళ్ళతోపాటు పోతుంటే గట్టు మీద నిలబడి చూసినవాళ్ళలో మా నాన్న ఒకరు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, వీధి గదిలో మంచం మీద కూర్చున్నారు. ఆ కూర్చోవడం కూర్చోవడమే. కంచం ముందు పెడితే రెండు ముద్దలు తినేవారు, లేకపోతే అదీ లేదు. ఆదివారం గుడికి రమ్మంటే గోడవైపు తిరిగి పడుకునేవారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. చుట్టాలు వచ్చి ధైర్యం చెప్పారు. పక్కింటి బాబాయి అయితే మగాడివి ఇలా అయిపోతే ఎలాగని మందలించాడు కూడా. వచ్చిన ప్రతివాళ్ళూ ఏమైంది, మాట్లాడవేంటి అని అడిగేవారే. ఏమైందో ఊరంతటికీ తెలుసు కదా, ఇంక ఆయన్ని అడగడం దేనికో నాకు అర్థమయ్యేది కాదు.

అమ్మ భయం వేరే. గట్టు మీది పాకలోంచి సామానంతా ఇంటికి చేర్చినప్పుడు, చెరువుకి వాడే మందు సీసా ఒకటి అందులో కనబడలేదు. ఆ మధ్యే పొరుగూళ్ళో ఇలాగే చెరువు పోయిన ఒకాయన తన ప్రాణం తనే తీసుకున్నాడు. సీసా ఏమైందని అడిగితే ఏం జవాబు వస్తుందోనని అమ్మ అడగలేకపోయింది. వెతుకుదామంటే ఆయన ఇల్లు కదిలితేగా. చివరికి పక్కింట్లో సెల్‌ఫోన్ అడిగి తీసుకుని, తాడేపల్లిగూడెంలో ఉన్న అమ్మమ్మకి సంగతి చెప్పింది. ఇవన్నీ నేను పెద్దయ్యాక తెలుసుకున్నవి. అప్పుడు నాకు తెలిసిందల్లా అమ్మ రోజూ నాన్న మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంటోందని, ఆయన కాస్త కదిలితే లేచి కూర్చుంటోందని మాత్రమే.

అమ్మమ్మ మర్నాడే బస్సు దిగింది. అత్తగారు అల్లుడింట్లో రెండు రోజులకి మించి ఉంటే బాగోదని మా వైపు ఒక పట్టింపు. అత్తగారు అల్లుణ్ణి మీ మనసులో ఏముందని అడగకూడదు. అల్లుడేమో అత్తగారు నోరు తెరిచి ఒక పని చెబితే కాదనకూడదు. ఈ మర్యాదలన్నీ ఆవిడకి కొట్టినపిండి. వచ్చి మంచినీళ్ళు తాగి, నాన్నని పలకరించనైనా పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళి, గుమ్మంలోంచి వీధి గదిలోకి వినబడేలా అంది.

"ఏవండీ బాబుగారూ, ఈ తలుపులేంటండీ, రంగంతా పెచ్చులు లేచిపోయి ఇలా ఉన్నాయి?"

నిజానికి మా ఊళ్ళో ఆ చెమ్మకి ఎవరింట్లో తలుపులైనా అలాగే ఉంటాయి. నాన్న మంచం మీంచే, "ఇప్పుడవెందుకండీ అత్తయ్యగారూ," అన్నారు.

"మీకోసం కాదండీ, నాకోసం. కాస్త రంగేయిస్తే చూసుకుని వెళ్ళిపోతానండీ."

ఇంక ఆయన ఏమంటారు?

రంగు వెయ్యాలంటే ముందు అలమరాలు ఖాళీ చెయ్యాలి. ఏ అరలోనూ ఒక్క గిన్నె కూడా ఉండకూడదంది అమ్మమ్మ. పచ్చడి జాడీలు, పప్పుల డబ్బాలు, ఎప్పుడూ వాడని ఇత్తడి సామాను, అన్నీ అమ్మ అందిస్తుంటే నేను పెరట్లో మంచం మీదకి మోశాను. పొయ్యి కూడా పెరట్లోకే మారింది. అన్నిటికంటే పై అరలో, పెద్ద జాడీ వెనకాల, పాత పేపరు చుట్టిన సీసా ఒకటి స్టూలెక్కిన అమ్మమ్మ చేతికి తగిలింది. ఆవిడ స్టూలు మీదే ఆగిపోయింది. అమ్మ ముఖం పాలిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నారు. ఎప్పుడు లేచి వచ్చారో తెలీదు.

అమ్మమ్మ మెల్లగా కిందకి దిగి, సీసాని కొంగులో చుట్టుకుని, పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. ఎక్కడ ఏం చేసిందో ఈరోజుకీ నాకు తెలీదు. తిరిగొచ్చి సబ్బుతో చేతులు తోముకుని తోముకుని కడుక్కుంది. తరవాత తను గూడెం నుంచి తెచ్చుకున్న సంచీలోంచి ఉప్పుకాగితం ముక్క తీసి నాన్న ముందు పెట్టింది.

"నా చేతులు నొప్పులండీ బాబుగారూ. ఆ తలుపు కాస్త మీరు గీకిపెడతారా?"

నాన్న ఆ కాగితం పుచ్చుకుని, నేల మీద కూర్చుని, గీకడం మొదలుపెట్టారు. సాయంత్రం దాకా గీకారు. అమ్మమ్మ ఎదురుగా పీట వేసుకుని చేటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఓదార్పు మాట ఒక్కటి లేదు. ఇక్కడ మిగిలిందండీ, అక్కడ నున్నగా లేదండీ, అంతే.

ఆకుపచ్చ రంగు తెప్పించారు. మొదటిసారి వేసింది బుడగలొచ్చిందని గీకించింది. సరే, చెమ్మ అనుకున్నాం. రెండోసారి బ్రహ్మాండంగా కుదిరింది, పక్కింటి బాబాయి కూడా మెచ్చుకున్నాడు. ఇంక ఇంట్లోకి వంట వచ్చేస్తుందని నేను సంబరపడ్డాను. నాన్న స్నానానికి వెళ్ళారు. అప్పుడు చూశాను. అమ్మమ్మ నింపాదిగా లేచి, ఆరీ ఆరని తలుపు మీద అరచెయ్యి ఆనించి, అటూ ఇటూ రుద్దింది. నాన్న రాగానే, "అయ్యో, చూసుకోలేదండీ, చెయ్యి తగిలింది. మళ్ళీ గీకాలేమోనండీ," అంది.

ఆ తరవాత ఒకసారి మోచెయ్యి తగిలింది, ఒకసారి కొంగు తగిలింది. ఈ ముసలావిడకి మతి పోయిందని అమ్మకి చెబితే, నోరు మూసుకోమని నన్నే కసిరింది. నాన్న మాత్రం విసుక్కోలేదు. గీకి గీకి అలిసిపోయి ఆకలి వేసేది కాబోలు, అన్నం అడిగి పెట్టించుకునేవారు. రాత్రిళ్ళు నిద్రపోయేవారు. అమ్మ చాప మళ్ళీ నా పక్కకి వచ్చింది.

ఒకరోజు ఆఖరి తలుపు వేసి, బ్రష్షు కిరసనాయిల్లో పెడుతూ, నాన్న తలెత్తకుండానే అన్నారు.

"అత్తయ్యగారూ, ఈసారి మీ చెయ్యి తగలనివ్వకండి. నాకు పర్వాలేదండీ."

అమ్మమ్మ చేట కింద పెట్టింది. కళ్ళు తుడుచుకుని, "ఇంక తగలదులెండి బాబూ," అంది. మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకి వెళ్ళిపోయింది. నాన్న ఆకివీడు దాకా దిగబెట్టి, వస్తూ వస్తూ చేపలు తూచే ఒక కాటా దగ్గర పనికి కుదిరి వచ్చారు.

ఆ సీసా మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ రోజు సమాధి దగ్గర్నుంచి వచ్చాక నాన్న గూడెంలో ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చున్నారు. కూర్చుని, ఇంక లేవలేదు. కంచం పెడితే రెండు ముద్దలు. పిలిస్తే గోడవైపు చూపు. చిన్నప్పుడు ఆ చూపు చూసినదాన్ని నేను. అమ్మ నా వైపు చూసింది. నేను వంటింట్లోకి వెళ్ళి, ఆవిడ డబ్బాలన్నీ ఒక్కొక్కటే బయట పెట్టి, గుమ్మంలోంచి గట్టిగా అన్నాను.

"నాన్నా, అమ్మమ్మ తలుపులు చూడండి, ఎలా అయిపోయాయో."

ఆయన లేచి రావడానికి చాలాసేపు పట్టింది. మర్నాటి సాయంత్రానికల్లా అన్నీ గీకి చక్కగా రంగు వేసి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. నేను ఆరని తలుపు మీద అరచెయ్యి పెట్టి గట్టిగా రుద్దాను. చల్లగా, జిగురుగా అంటుకుంది. ఆయన వచ్చేసరికి, "చూసుకోలేదు నాన్నా, చెయ్యి తగిలింది," అన్నాను.

నాన్న తలుపు వంక చూశారు. ఆకుపచ్చగా ఉన్న నా చెయ్యి వంక చూశారు. అప్పుడు ఏడ్చారు, అమ్మమ్మ పోయాక మొదటిసారి. ఏడ్చి, కండువాతో ముఖం తుడుచుకుని, ఉప్పుకాగితం ఇమ్మని చెయ్యి చాపారు.