తెల్ల బంతికి బొట్టు: ఫిల్మ్‌నగర్‌లో మా పూల్ రోబో

కాకినాడలో మా ఇంటి కారు షెడ్డులో నేనూ తమ్ముడు రవీ రెండేళ్లు కష్టపడి పూల్, అంటే బల్ల మీది బంతుల్ని కర్రతో కొట్టి అంచుల్లోని పాకెట్లలో వేసే ఆట, ఆడే రోబోను తయారుచేశాం. దాని కెమెరా బంతుల్ని రంగును బట్టి గుర్తుపడుతుంది, ఇనుప చెయ్యి కర్రతో తెల్ల బంతిని కొడుతుంది. మేం నెట్‌లో పెట్టిన దాని వీడియో చూసి ఒక సినిమా దర్శకుడు పిలిచారు. సెట్లో నిజంగా ఒక్క బంతి పాకెట్లో వేస్తే రోబో సినిమాలో ఉంటుంది, లేకపోతే గ్రాఫిక్స్‌తో కానిచ్చేస్తామన్నారు. "పనిలేని పని" అన్న చుట్టాలందరికీ జవాబు చెప్పాలని రోబోను విప్పి పెట్టెల్లో సర్దాం.

బస్సు ఉదయం ఆరింటికి అమీర్‌పేటలో దింపింది. అక్కడి నుంచి కృష్ణానగర్, చెక్‌పోస్ట్ మీదుగా ఫిల్మ్‌నగర్‌కి ఆటోలో అరగంట, రెండు వందల యాభై రూపాయలు. "గీ పెట్టెలల్ల ఏముందమ్మా?" అన్నాడు డ్రైవర్. చెప్పాను. "బంతులాటెందుకు? బోళ్లు తోమేది చెయ్యరాదు?" అన్నాడు. రవి పడీపడీ నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

తొమ్మిదికి మొదటి షాట్. ఆనవాయితీగా కొబ్బరికాయ కొట్టి సినిమా కెమెరాకి బొట్టు పెట్టారు. నేనూ కుంకుమ తీసుకుని రోబోకి పెట్టాను, అక్కడితో ఆగక తెల్ల బంతికీ పెట్టాను. "యాక్షన్" అన్నారు. రోబో కదల్లేదు. మళ్లీ అన్నారు. చెయ్యి లేవలేదు. రవి లాప్‌టాప్‌లో తప్పెక్కడుందో వెతుకుతున్నాడు. "గ్రాఫిక్స్‌లో పెట్టేద్దాం అండీ," అన్నారు దర్శకుడు, మెత్తగానే. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు నిచ్చెన మీదున్న లైట్‌మ్యాన్ యాదగిరి గారు కిందికి చూస్తూ, "జర ఆగుండ్రి సార్. మేడం తెల్ల బంతికి బొట్టు పెట్టిండ్రు గదా. గిప్పుడు అది తెల్లగ లేదు. మనమైతే గుర్తు పడతం, మిషిన్‌కేం తెలుస్తది?" అన్నారు. దిగొచ్చి, భుజం మీది తువ్వాలు తడిపి, బంతిని తళతళలాడేలా తుడిచారు. మూడోసారి "యాక్షన్" అన్నారు. చెయ్యి లేచింది, కర్ర తగిలింది, పసుపు బంతి మూల పాకెట్లో పడింది. సెట్టంతా చప్పట్లు! నేను ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాను. కొత్త తువ్వాలు కొనిస్తానంటే, "ఉండనియ్యిండ్రి మేడం, బొట్టు మరకే గదా," అన్నారు.

మేం రెండేళ్లు తలకిందులుగా తపస్సు చేసి దానికి చూడటం నేర్పాం. నా అతిభక్తి ఒక్క నిమిషంలో దాని కళ్లు మూసేస్తే, మా పేర్లయినా తెలియని మనిషి తన తువ్వాలుతో తెరిపించారు. ఆ రుణం తీరేది కాదు. మీరూ ఇలాంటి యంత్రంతో బయల్దేరితే ఒక్క మాట: పూజ తప్పకుండా చేయించండి, బొట్టు మాత్రం పెట్టెకి పెట్టండి.