ఫెలిసిటేట్ అంటే ఏంది?

వనపర్తిలో మేముండే ఇంటి వెనకే ఒక ఫంక్షన్ హాలు ఉంది. ఈ ఉదయం అక్కడి మైకు కీచుమని, "ఇప్పుడు ఫెలిసిటేషన్" అన్న మాట కిటికీలోంచి వినబడగానే, దిద్దుతున్న పరీక్ష కాగితాలు పక్కన పెట్టేశాను. ఆ మాట నాకు నేర్పింది సుభద్ర మేడం. గోపాల్‌పేట బడిలో మాకు ఇంగ్లీషు చెప్పేది. తొమ్మిదో తరగతిలో ఒకరోజు, "ఫెలిసిటేట్ అంటే ఏంది?" అని అడిగింది. "శాలువ కప్పుడు మేడం" అన్నాను. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. "శాలువ లేకున్నా అయితది. నీకు మంచి జరిగింది, నాకు సంబురమైంది అని మనిషి ముంగటికి పోయి చెప్పుడు" అంది. ఫెసిలిటేట్ అని రాస్తే పని సులువు చేయడమన్న అర్థం వస్తుందని, రెండు మాటలూ పదేసిసార్లు రాయించింది.

పదో తరగతిలో నాకు బడిలో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చినప్పుడు మేడం మా కౌలు చేను దాకా నడిచి వచ్చింది. నన్ను చూసి తలూపి, నేరుగా రాళ్ళు ఏరుతున్న నాన్న దగ్గరికి పోయింది. "కిష్టయ్యా, పిల్లగాడు మంచిగ చదివిండు. చదివించినోనివి నువ్వు. నాకు శాన సంబురమైంది, గా ముచ్చట చెప్పిపోదామని వచ్చిన." నాన్న మట్టి చేతులు పంచెకు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆయనకు అంతకుముందు ఎవరూ అట్లా చెప్పి ఉండరు.

ఆమె రిటైరయ్యాక ఘనంగా సన్మానం చేయాలని పాత విద్యార్థులం అనుకున్నాం. ఆ భారం నేను నెత్తికెత్తుకున్నాను. ముఖ్య అతిథి తేదీ ఇవ్వక ఏడాదిన్నర గడిచింది. మధ్యలో ఆమే ఫోన్ చేసింది. "గవన్నెందుకురా? నువ్వొక్కనివన్న ఓ దినం వచ్చి కూసోని పోరాదు" అంది. "ఇంకో నెలల అయిపోతది మేడం" అన్నాను. ఆ నెలలోనే పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, మనుషుల గుర్తూ పోయింది.

అయినా సభ ఆపలేదు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి శాలువ కప్పాం. అతిథి ఆమె పేరు సుమిత్ర అని పలికి, ఫొటో దిగి వెళ్ళిపోయాడు. నేను ఇంగ్లీషులో రాసుకున్న సన్మానపత్రం చదివాను. అందులో ఒక్క తప్పూ లేదు. ఆమె మైకు శబ్దానికి ఉలిక్కిపడి పక్కనున్న తన చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తర్వాత నాగర్‌కర్నూల్‌లో ఆ చెల్లెలి ఇంటికి ప్రతి ఆదివారం పోయేవాణ్ణి. అక్కడే ఉంటున్న మేడం మంచం పక్కన కూర్చుని, మీరు చెప్పిన చదువుతోనే నేనూ మాస్టరునయ్యానని చెప్పేవాణ్ణి. ఆమె గోడవైపు తిరిగేది. పోయిన నెల చెల్లెలు నన్ను గడప దగ్గరే ఆపింది. "సారూ, ఏమనుకోకుండ్రి. ఇగ రాకుండ్రి. కొత్తోళ్లు వస్తే అక్క భయపడుతున్నది."

ఏమీ అనుకోలేదని చెప్పి బస్టాండు దారి పట్టాను. ఆ ఇంట్లో నేను కొత్తవాణ్ణి. రోజూ ఆ మాటతోనే నిద్ర లేస్తున్నాను.