పాడె మోసిన ఎమ్మెల్యే

గుడివాడ కాలేజీలో చాలా ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పాను. శాసనసభ్యుడి పనేమిటని అడిగితే మా పిల్లలు పరీక్షలో చక్కగా రాసేవాళ్లు: చట్టాలు చేయడం, ప్రభుత్వాన్ని నిలదీయడం, తన ప్రాంతం గోడు సభలో వినిపించడం. మా బాబాయి దగ్గర మాత్రం ఆ పాఠం ఒక్క పూట కూడా నిలవలేదు.

బాబాయిది బందరుకు దిగువన సముద్రం పక్క పల్లె. ఊరి పేరూ, ఎమ్మెల్యే పేరూ, పార్టీ పేరూ చెప్పను. నా ఓటు ఇప్పటికీ అక్కడే ఉంది. మొన్నటి ఎన్నికలకు ముందుగానే వెళ్తే, బాబాయి నన్ను చేను దగ్గరకు తీసుకెళ్లాడు. మురుగుకాలవ సముద్రంలో కలిసేచోట ఇనుప తలుపులుండేవి. పోటు వచ్చినప్పుడు వాటిని దించేస్తే ఉప్పునీరు లోపలికి రాదు. అవి తుప్పుపట్టి ఊడిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు పోటు వచ్చిందంటే ఉప్పునీరు కాలవలోంచి ఎగదన్ని చేలల్లోకి వస్తోంది. బాబాయి పొలంలో సగం మేర తెల్లగా ఉప్పు పొక్కి ఉంది. అక్కడ ఏం నాటినా ఎర్రబడి చచ్చిపోతోందన్నాడు.

"మరి ఎమ్మెల్యే ఏం చేస్తున్నాడు బాబాయ్?"

"ఆయనేం చేస్తాడమ్మా, పైనుంచి డబ్బులు రావాలిగా."

"అడిగితే కదా వచ్చేది! ఈ ఐదేళ్లూ నేను టీవీలో అసెంబ్లీ చూస్తూనే ఉన్నా. లేచినప్పుడల్లా వాళ్ల నాయకుణ్ణి పొగడ్డం, అవతలివాళ్లని తిట్టడం, అంతే. ఈ తలుపుల మాట ఎత్తగా నేను వినలేదు."

బాబాయి మొహం ముడుచుకున్నాడు. "మీ పిన్ని పోయినప్పుడు నీకంటే ముందే వచ్చాడు. వానలో, చెప్పుల్లేకుండా, శ్మశానం దాకా పాడె మోశాడు. అది మర్చిపోమంటావా?"

అది నిజమే. నేనూ చూశాను. ఆయన కళ్లల్లో నీళ్లు నటన అని కూడా అనలేను. కానీ పాడె పట్టడానికి ఊళ్లో మనుషులు కరువా? ఆయన్ని మనం పంపింది అందుకా? ఈ మాట గొంతుదాకా వచ్చింది. పిన్ని ప్రస్తావన వచ్చాక బాబాయితో ఏం వాదిస్తాను?

మర్నాడు ఆయనే ప్రచారానికి వచ్చాడు. "మావయ్య గారూ!" అంటూ బాబాయి కాళ్లకు దణ్ణం పెట్టాడు. నేను ముందుకెళ్లి, "కాలవ తలుపుల గురించి సభలో ఒక్కసారైనా అడిగారా అండీ?" అన్నాను.

"మేడం గారూ, చదువుకున్నోళ్లు, మీకు తెలియందేముంది? సభలో మాట్లాడితే పేపర్లో వస్తుంది, పనులవ్వవు. ఆఫీసర్లతో మాట్లాడి చేయించుకోవాలి."

"చేయించారా మరి?"

ఆయన నవ్వేశాడు. "ఈసారి గెలవగానే మొదటి సంతకం దానిమీదే!"

ఎమ్మెల్యే సంతకంతో తలుపులు రావండీ అనేలోపే డప్పులు మోగాయి. ఆయన పక్కింటికి వెళ్లిపోయాడు.

"ఇంటికొచ్చిన మనిషిని అట్లా నిలదీస్తారా?" అని బాబాయి నామీద కసురుకున్నాడు.

"అయితే అవతలాయనకి వేద్దాం."

"ఆయనకి రొయ్యల చెరువులున్నయ్యి. ఉప్పునీళ్లొస్తే ఆయనకే మంచిది. ఆయనొచ్చి తలుపులు పెట్టిస్తాడా?"

పోలింగు రోజు వచ్చింది. ఓటింగు యంత్రం ముందు నిలబడి, ఇన్నేళ్లు పాఠం చెప్పినదాన్ని, ఎవరూ వద్దనే ఆఖరి బటన్ నొక్కి వచ్చాను. బయటికొచ్చాక ఒళ్లు మండిపోయింది. వాళ్లమీదో, నామీదో తెలియలేదు.

పాత ఎమ్మెల్యేనే గెలిచాడు, భారీగా. మరుసటి ఎండాకాలం ఉప్పునీరు ఇంకా పైకి వచ్చింది. రైతులంతా కలిసి కాలవకు అడ్డంగా మట్టికట్ట వేసుకుంటుంటే ఆయన వచ్చి, పంచె ఎగ్గట్టి, తట్టలు మోశాడట. పేపర్లో ఫొటో కూడా వచ్చింది. బాబాయి సంబరంగా ఫోన్ చేశాడు.

"చూశావా? మాతో సమానంగా బురదలో దిగాడు!"

"తలుపుల సంగతి అడిగావా బాబాయ్?"

"అడుగుదామనే అనుకున్నానమ్మా. తట్ట నెత్తిన పెట్టుకుని మోస్తున్నవాణ్ణి ఏమని అడుగుతాం?"

నాకు ఏడవాలో అరవాలో తెలియక, "సరేలే, వేళకి తిను" అని పెట్టేశాను. ఆ అమావాస్య పోటుకే కట్ట తెగిపోయింది. ఆ సగం చేనులో బాబాయి ఈ ఏడు నాట్లే వెయ్యలేదు.